‘అతనెక్కడ గెలుస్తాడు?’ - కల్వకుర్తిలో తారుమారైన అంచనాలు

ఎన్నికలు వచ్చాయంటే పల్లెల్లో రచ్చబండ మీద, చాయ్ హోటళ్ల దగ్గర, బస్సు స్టేజీల వద్ద ముందుగా వినిపించే మాట ‘ఎవరు గెలుస్తారు?’ అన్నది. దాని వెంటే వినిపించే రెండో మాట ‘అతనెక్కడ గెలుస్తాడు?’ అన్నది. మొదటిది ప్రశ్న. రెండవది ప్రశ్నలా కనిపించే తీర్పు. పోలింగుకు ఇంకా పదిహేను రోజులు ఉండగానే ఒక అభ్యర్థిని పోటీలోంచి తీసిపారేసే తీర్పు అది. ఆ తీర్పును ఎవరు చెబుతున్నారు, ఏ లెక్క మీద చెబుతున్నారు అన్నది ఓటరు గమనించవలసిన సంగతి. ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల ఎన్నికల చరిత్రలో ఈ తీర్పు తలకిందులైన సందర్భాలు ఒకటి రెండు కావు. వాటిలో రాష్ట్రమంతా చెప్పుకున్నది 1989లో కల్వకుర్తిలో జరిగింది.

ముఖ్యమంత్రికే ఓటమి

1989 నవంబరులో లోక్‌సభకూ, ఆంధ్రప్రదేశ్ శాసనసభకూ ఒకేసారి ఎన్నికలు జరిగాయి. అప్పటి ముఖ్యమంత్రి శ్రీ ఎన్.టి. రామారావు అనంతపురం జిల్లా హిందూపురం నుంచే కాక మహబూబ్‌నగర్ జిల్లా కల్వకుర్తి నుంచి కూడా పోటీకి దిగారు. ఆయన పేరు తెలియని ఇల్లు రాష్ట్రంలో లేదు. ఢిల్లీలో కాంగ్రెస్‌కు పోటీగా ఏర్పడిన నేషనల్ ఫ్రంటుకు కూడా అప్పటికి ఆయనే అధ్యక్షులు. అటువంటి నాయకుడు వెనుకబడిన మెట్ట ప్రాంతానికి వచ్చి పోటీ చేయడం తమ అదృష్టమని తెలుగుదేశం కార్యకర్తలు అనుకోవడంలో వింత లేదు.

ఆయనకు ఎదురు నిలిచినది కాంగ్రెస్ అభ్యర్థి శ్రీ జె. చిత్తరంజన్ దాస్. నియోజకవర్గం దాటితే ఆయన పేరు ఎరిగినవారు అప్పట్లో తక్కువ. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి తూచితే ముఖ్యమంత్రి వైపే త్రాసు మొగ్గుతుందని ఎవరైనా అంటారు. కాని ఓట్ల లెక్కింపు పూర్తయ్యేసరికి సుమారు మూడున్నర వేల ఓట్ల తేడాతో దాస్ గెలిచారు. రామారావు హిందూపురంలో గెలిచి శాసనసభకు వెళ్లారు. రాష్ట్రంలో కాంగ్రెస్ 181 స్థానాలు దక్కించుకుంది. తెలుగుదేశం 74 స్థానాల వద్ద ఆగిపోయింది. డాక్టర్ మర్రి చెన్నారెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. దాస్ ఆ తర్వాత మంత్రి కూడా అయ్యారు.

ఇది ఆనాటి గాలి ప్రభావమే తప్ప మరొకటి కాదని కొందరు అంటారు. గాలి ఉన్నమాట నిజమే. కాని ఆ గాలిలోనూ తెలుగుదేశం అభ్యర్థులు 74 చోట్ల నిలబడ్డారు. సామాన్య అభ్యర్థులు నిలబడగలిగిన ఎన్నికల్లో పార్టీ అధినేత ఒక నియోజకవర్గంలో ఓడిపోయారంటే, ఆ నియోజకవర్గాన్నీ అక్కడి ప్రత్యర్థినీ తూచడంలో ఎక్కడో పొరపాటు జరిగిందన్నమాట.

ముందే కనిపించిన గుర్తులు

దాస్ గెలుపును అందరూ అనుకోని గెలుపు అన్నారు. కాని పాత లెక్కలు తిరగేసి ఉంటే అందులో కొంత ముందే కనిపించేది.

మొదటి సంగతి. 1985 ఎన్నికల్లో తెలుగుదేశానికి 202 స్థానాలు వచ్చాయి. 294 స్థానాల సభలో కాంగ్రెస్‌కు వచ్చినవి 50 మాత్రమే. తమ పార్టీకి అంత గడ్డుకాలంలో కల్వకుర్తి నుంచి కాంగ్రెస్ తరఫున గెలిచిన మనిషి చిత్తరంజన్ దాసే. అంటే 1989లో ఆయన కొత్తవాడు కాదు, అప్పటికే శాసనసభ్యుడు. గాలికి ఎదురు నిలిచి గెలిచిన మనిషి, గాలి తన వైపు తిరిగినప్పుడు ఎంత గట్టి పోటీ ఇస్తాడో లెక్క వేయడం పెద్ద కష్టం కాదు.

రెండో సంగతి. గాలితో పాటు కొట్టుకుపోవడం కల్వకుర్తి ఓటరుకు అంతగా అలవాటు లేదు. 1983లో తెలుగుదేశం తొలిసారి పోటీ చేసి 200కు పైగా స్థానాలు గెలిచి అధికారంలోకి వచ్చింది. ఆ ప్రభంజనంలోనూ కల్వకుర్తి ఓటర్లు జనతా పార్టీకి చెందిన శ్రీ ఎస్. జైపాల్ రెడ్డినే తిరిగి పంపారు. అదే జైపాల్ రెడ్డి 1980లో మెదక్ లోక్‌సభ స్థానంలో శ్రీమతి ఇందిరా గాంధీపై పోటీ చేసి రెండు లక్షలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు. మెదక్‌లో అంత తేడాతో ఓడిన అభ్యర్థి కల్వకుర్తిలో మాత్రం గాలికి నిలిచారు. మనిషి ఒక్కడే, తూకమే వేరు. గెలిచే శక్తి అభ్యర్థి నెత్తిన రాసిపెట్టి ఉండేది కాదనీ, ఊరును బట్టి, సమయాన్ని బట్టి మారుతుందనీ దీన్ని బట్టి తెలుస్తుంది.

నల్లగొండ అనుభవం

మూడో సంగతికి పొరుగు జిల్లా వైపు చూడాలి. 1985లో రామారావు మూడు చోట్ల పోటీ చేశారు. అవి కృష్ణా జిల్లా గుడివాడ, అనంతపురం జిల్లా హిందూపురం, తెలంగాణలో నల్లగొండ. ఒక అభ్యర్థి రెండు స్థానాలకు మించి పోటీ చేయరాదన్న నిబంధన 1996లో వచ్చింది. అప్పటికి అటువంటి కట్టుబాటు లేదు. మూడు చోట్లా ఆయన గెలిచారు. రెండు రూపాయలకు కిలో బియ్యం, పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దు వంటి చర్యలు పల్లెల్లో ఆయనకు మంచి పేరు తెచ్చిన రోజులవి.

అయితే ఒక మనిషి మూడు స్థానాలకు ప్రతినిధిగా ఉండడం కుదరదు. రామారావు హిందూపురాన్ని ఉంచుకుని నల్లగొండను వదులుకున్నారు. నల్లగొండ ఓటర్లు ఉప ఎన్నికకు మళ్లీ పోలింగు కేంద్రాలకు వెళ్లవలసి వచ్చింది. ముఖ్యమంత్రికి ఓటు వేశామనుకున్నవారికి చివరికి మిగిలినది మరొక శాసనసభ్యుడు.

నాలుగేళ్ల తర్వాత ఆయన నల్లగొండకు రాకుండా కల్వకుర్తికి వచ్చారు. ఇంకో చేతిలో హిందూపురం ఉండనే ఉంది. ‘ఇక్కడ గెలిస్తే ఇక్కడే ఉంటారా?’ అన్న ప్రశ్నకు పక్క జిల్లా అనుభవమే జవాబు చెబుతోంది. దాస్ విషయంలో ఆ ప్రశ్నే లేదు. ఆయనకు ఉన్నది ఆ ఒక్క స్థానమే. గెలిచినా ఓడినా కల్వకుర్తిలోనే తిరగాలి. ఎవరు ఏ కారణంతో ఓటు వేశారో ఓట్ల పెట్టె చెప్పదు. దాస్ గెలుపుకు ఇదొక్కటే కారణమనీ అనలేము. కాని ‘ఇద్దరిలో ఎవరు పెద్ద?’ అన్న లెక్క మీదనే ప్రచారం సాగినప్పుడు, ‘ఇద్దరిలో ఎవరు మనకు దొరుకుతారు?’ అన్న ఓటరు లెక్క పక్కకు పోతుంది. కృష్ణా నీళ్లు అప్పటికి ఇంకా చేరని నేల అది. పని కోసం దూర ప్రాంతాలకు వలస పోయే కుటుంబాలున్న ప్రాంతం అది. రేషను కార్డుకో, కరువు పనికో, బోరు బావికో తిరగవలసిన రైతుకు ఎమ్మెల్యే ఎంత పెద్దవాడన్న దానికన్నా ఎంత దగ్గరివాడన్నదే ముఖ్యం.

పార్టీల తూకం ఎలా ఉంటుంది?

ఏ పార్టీ అయినా ప్రత్యర్థిని తూచేందుకు మొదట కూర్చునేది పాత లెక్కల ముందే. గత ఎన్నికల్లో ఏ పోలింగు కేంద్రంలో ఎన్ని ఓట్లు పడ్డాయో చూస్తారు. ఏ ఊళ్లో ఏ కులం ఓట్లు ఎన్ని, ఏ తండాలో ఎన్ని గడపలు, ఏ వాడకు ఎవరు పెద్ద అని రాసుకుంటారు. ప్రత్యర్థికి చేతిలో డబ్బు ఎంత, వెంట సర్పంచులు ఎందరు, పోలింగు నాడు కూర్చోవడానికి ఏజెంట్లు దొరుకుతారా అని ఆరా తీస్తారు. ఈ మధ్య కాలంలో సర్వేలు వచ్చి చేరాయి. ఇవన్నీ పనికివచ్చే లెక్కలే. అయితే లెక్క తప్పే చోట్లు కూడా వీటిలోనే ఉన్నాయి.

ఓటరు జాబితాలో వెయ్యి పేర్లు ఉంటే పోలింగు నాడు ఊళ్లో ఉండేది వెయ్యి మంది కాదు. పాలమూరు కూలీలు ముంబయికీ ఇతర ప్రాంతాలకూ పోతారు. నల్లగొండ పల్లెల వాళ్లు ఎందరో హైదరాబాదులో బతుకుతున్నారు. వారిలో ఎవరు వస్తారు, ఎవరి ఖర్చుతో వస్తారు, వచ్చినవారు బస్సు పెట్టినవారికే వేస్తారా అన్నది కాగితం మీద తేలదు.

సభకు వచ్చిన జనాన్ని ఓట్లుగా లెక్కించడం మరో పొరపాటు. సినిమాల్లో చూసిన మనిషిని కళ్లారా చూద్దామని వచ్చినవారు, కూలి డబ్బుల కోసం లారీ ఎక్కినవారు, తమ అభ్యర్థి అని వచ్చినవారు అందరూ ఒకే మైదానంలో నిలబడతారు. వేదిక మీది నుంచి చూసినవారికి అందరూ ఒకేలా కనిపిస్తారు.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు కబురు మోసేవారి దగ్గర జరుగుతుంది. ఊళ్లో కార్యకర్తకు ‘ఈసారి మనకు కష్టంగా ఉంది’ అని తెలుసు. మండల నాయకుడితో ‘కొంచెం చూసుకోవాలి’ అంటాడు. మండల నాయకుడు జిల్లా నాయకుడితో ‘పరవాలేదు’ అంటాడు. జిల్లా నాయకుడు అధినేత ముందు నిలబడి ‘మెజారిటీ ఎంత అన్నదే తేలాలి’ అంటాడు. అధినేత ఎంత పెద్దవాడైతే చెడు కబురు చెప్పే నోరు అంత చిన్నదవుతుంది. పెద్ద పేరున్న అభ్యర్థులే తరచు చిన్న ప్రత్యర్థుల చేతిలో దెబ్బ తినడానికి ఇది కూడా ఒక కారణం. తమ వాడి బలాన్ని కొలిచి, అదే ప్రత్యర్థి బలహీనత అనుకుంటారు.

గెలవడు సరే, ఎవరిని ఓడిస్తాడు?

ఒక ప్రత్యర్థి గెలవలేడని తేల్చుకున్న తర్వాత పార్టీలు వేసుకునే రెండో ప్రశ్న ‘ఇతను ఎవరి ఓట్లు చీలుస్తాడు?’ అన్నది. నామినేషన్ల ఉపసంహరణ గడువు దగ్గరపడేకొద్దీ జరిగే బుజ్జగింపులకు, బేరాలకు, బెదిరింపులకు మూలం ఈ ప్రశ్నే. తమ ఓట్లు చీల్చేవాడిని దింపడానికి ప్రయత్నం, ఎదుటివారి ఓట్లు చీల్చేవాడిని నిలబెట్టడానికి సాయం. రెండూ ఒకే లెక్కలోంచి పుట్టినవే.

ఈ లెక్క ఎంత దూరం పోయిందో 2019 భువనగిరి లోక్‌సభ ఎన్నిక చూపింది. అక్కడ కాంగ్రెస్ అభ్యర్థి శ్రీ కోమటిరెడ్డి వెంకట్‌రెడ్డి 5,219 ఓట్ల తేడాతో గెలిచారు. అదే ఎన్నికలో రోడ్డు రోలరు గుర్తు మీద పోటీ చేసిన అభ్యర్థికి 27 వేలకు పైగా ఓట్లు వచ్చాయి. తమ కారు గుర్తును పోలి ఉండడం వల్లనే ఆ ఓట్లు అటు పోయాయని ఓడిపోయిన టీఆర్‌ఎస్ వాదించింది. ఆ అభ్యర్థిని ప్రచారంలో ఎవరూ ప్రత్యర్థిగా లెక్కించలేదు. ఫలితం వచ్చాక అందరికీ అదే గుర్తు వచ్చింది. 2022లో మునుగోడు ఉప ఎన్నికకు 47 మంది బరిలో నిలిచారు. ఈసారి పోలింగుకు ముందే రోడ్డు రోలరు గుర్తు మీద రభస జరిగింది. ఒక అభ్యర్థికి కేటాయించిన ఆ గుర్తును మార్చినందుకు ఎన్నికల సంఘం రిటర్నింగ్ అధికారినే తప్పించింది. చివరికి టీఆర్‌ఎస్ అభ్యర్థి శ్రీ కూసుకుంట్ల ప్రభాకర్‌రెడ్డి 10,309 ఓట్లతో బయటపడ్డారు.

2023 శాసనసభ ఎన్నికల్లో కొల్లాపూర్‌లో మరో రకం ప్రత్యర్థి కనిపించారు. చదువుకుని ఉద్యోగం రాక బర్రెలు కాస్తున్నానని చెప్పి ‘బర్రెలక్క’గా పేరు పొందిన కుమారి కర్నె శిరీష స్వతంత్ర అభ్యర్థిగా ఈల గుర్తుపై నిలబడ్డారు. మొదట నవ్వినవారే తర్వాత ఆమె ఎవరి ఓట్లు చీలుస్తుందోనని లెక్కలు వేశారు. ప్రచారంలో ఆమె తమ్ముడిపై దాడి జరిగింది. హైకోర్టు ఆమెకు రక్షణ కల్పించాలని ఆదేశించింది. ఓట్లు లెక్కించగా ఆమెకు 5,754 వచ్చాయి. కాంగ్రెస్ అభ్యర్థి శ్రీ జూపల్లి కృష్ణారావు సుమారు 30 వేల ఓట్ల ఆధిక్యంతో గెలిచినందువల్ల ఆమెకు వచ్చిన ఓట్లు ఫలితాన్ని మార్చలేదు. అంటే ఫోను తెరల మీద కనిపించిన జనమూ పోలింగు నాడు వచ్చిన జనమూ ఒకటి కాదు. కాని పార్టీ, పెట్టుబడి లేని ఒక పేదింటి ఆడపిల్లకు ఐదు వేల ఏడు వందల మంది పనిగట్టుకుని ఓటు వేశారన్నది కూడా తీసివేయదగిన సంగతి కాదు.

480 మంది పోటీ

గెలుపు ఆశ లేకుండానే పోటీకి దిగి దేశం దృష్టిని తిప్పుకున్న ఘనత నల్లగొండది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఈ స్థానానికి 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడు నీటితో వంగిపోతున్న ఎముకల గోడు, సాగునీటి గోడు ఢిల్లీకి వినిపించాలని జలసాధన సమితి పిలుపు మీద వందల మంది నామినేషన్లు వేశారు. ఎన్నిక వాయిదా పడింది. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. చివరకు సి.పి.ఐ. అభ్యర్థి శ్రీ బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. స్వతంత్రుల డిపాజిట్లు పోయాయి.

అదే ఏడాది చట్టం మారింది. లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్ 500 రూపాయల నుంచి 10 వేలకు, శాసనసభ అభ్యర్థి డిపాజిట్ 250 నుంచి 5 వేలకు పెరిగింది. ఆ తర్వాత అవి 25 వేలు, 10 వేలు అయ్యాయి. షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ఇందులో సగం. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థిని ఒక్కరు ప్రతిపాదిస్తే చాలు. స్వతంత్రుడికి పదిమంది కావాలి. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతుకు మించి రాకపోతే డిపాజిట్ దక్కదు. గెలిచే ప్రత్యర్థిని తూచడానికే కాదు, గెలవని ప్రత్యర్థులు ఎందరు నిలబడవచ్చో తేల్చడానికి కూడా ఒక తూకం ఏర్పడిందన్నమాట.

నల్లగొండకు అంతకు ముందు చరిత్ర కూడా ఉంది. 1952 తొలి సార్వత్రిక ఎన్నికల నాటికి హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉంది. ఆ పార్టీ వారు పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ పేరుతో పోటీ చేశారు. నల్లగొండ ద్విసభ్య స్థానం నుంచి శ్రీ రావి నారాయణరెడ్డి మూడు లక్షలకు పైగా ఓట్లతో గెలిచి, ప్రధాని నెహ్రూకు వచ్చినవాటికన్నా ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నారు. సొంత పార్టీ పేరు కూడా చెప్పుకోలేని అభ్యర్థులకు ఓటర్లు ఇచ్చిన తీర్పు అది.

ఓటరు అడగవలసిన ప్రశ్నలు

‘అతనెక్కడ గెలుస్తాడు, ఓటు పారేసుకోకు’ అన్న మాట ఒక్కోసారి నిజమైన అంచనా, ఒక్కోసారి ప్రచార అస్త్రం. ఒక అభ్యర్థి ఓడిపోతాడని ఊరంతా నమ్మితే, నమ్మినందువల్లనే ఓడిపోతాడు. అందుకే ఆ మాట ఎవరి నోట వస్తున్నదో మొదట చూడాలి. ప్రత్యర్థి వర్గం వారే పదే పదే అంటుంటే, నిజంగా గెలవని మనిషి గురించి వాళ్లకు అంత శ్రమ ఎందుకని అడగాలి.

ఆ అభ్యర్థి గాలి వ్యతిరేకంగా ఉన్నప్పుడు ఎన్ని ఓట్లు తెచ్చుకున్నాడో రెండవదిగా చూడాలి. 1985 నాటి దాస్ ఫలితం చెప్పినది ఇదే. ప్రతి పోలింగు కేంద్రంలోనూ కూర్చోవడానికి అతనికి సొంత మనుషులు ఉన్నారా అన్నది మూడవది. మనుషులు లేని పేరు సభలో పనికివస్తుంది, బూతులో పనికిరాదు. గెలిచాక అతను ఇక్కడ ఉంటాడా అన్నది నాలుగవది. ఇది నల్లగొండ ఓటర్లు 1985లో స్వానుభవంతో తెలుసుకున్న ప్రశ్న.

కల్వకుర్తి తర్వాత కూడా అంచనాలను నమ్ముకోలేదు. 1994లో తెలుగుదేశం 216 స్థానాలతో తిరిగి అధికారంలోకి వస్తే, ఇక్కడి ఓటర్లు స్వతంత్రుడైన శ్రీ ఎడ్మ కిష్టారెడ్డిని గెలిపించారు. 2014లో కాంగ్రెస్ అభ్యర్థి శ్రీ చల్లా వంశీచంద్‌రెడ్డి బీజేపీ అభ్యర్థి శ్రీ తల్లోజు ఆచారిపై గెలిచినది 78 ఓట్ల తేడాతో. నియోజకవర్గం మొత్తం మీద 78 ఓట్లంటే ఒక ఊళ్లో ఒక వాడ ఓట్లు. ‘నా ఒక్క ఓటుతో ఏమవుతుంది, ఎలాగూ ఫలానా ఆయనే గెలుస్తాడు’ అని ఆ రోజు పొలం పనికి పోయినవారు, వలస నుంచి రాకుండా ఆగిపోయినవారు ఆ 78 కన్నా ఎన్నో రెట్లు ఉంటారు. వారు వచ్చి ఉంటే ఎవరు గెలిచేవారో ఏ సర్వే చెప్పలేదు.